దావ మీద దావా

ప్రొద్దుటూరులో పట్టాభిరామయ్యను పేరుతో పిలిచేవాళ్ళు ఇద్దరే. ఇంట్లో తల్లి, కోర్టులో జడ్జి. మిగతా ఊరంతటికీ ఆయన శెట్టిప్లీడరు.

శివాలయం వీధిలో వాళ్ళ నాయనకు బట్టలంగడి ఉండేది. కొడుకు పెద్దవాడై అంగట్లో చేదోడుగా ఉంటాడని ఆయన ఆశపడ్డాడు. కొడుకు వచ్చి కూర్చున్నాడు కూడా. కానీ పల్లెటూరి ఆడవాళ్ళు చీర అంచు పట్టుకుని "రంగు పోదు గదా శెట్టీ?" అని అడిగితే, తండ్రి నోరు తెరిచేలోపే "పోవచ్చు, చెప్పలేమమ్మా" అనేవాడు కొడుకు. ఒక్క దసరా బేరం అట్లా గడిచేసరికి తండ్రికి కళ్ళు బైర్లు కమ్మాయి. వీడు అంగట్లో ఉంటే అంగడే ఉండదని తేల్చుకుని, తిరుపతికి పంపి లా చదివించాడు. అబద్ధం రానివాణ్ణి ప్లీడరీకి పంపిన మొదటి మనిషి నువ్వేనని వీధి వీధంతా ఆయన్ను ఆటపట్టించింది.

వీధి నవ్వింది గానీ ఆ లోపమే పట్టాభిరామయ్యకు అన్నం పెట్టింది. కేసు గెలవదనుకుంటే మొదటి రోజే మొహం మీద చెప్పేవాడు. కోపంతో లేచిపోయినవాళ్ళు ఇంకో ప్లీడరు దగ్గర ఓడిపోయి, తర్వాతి తగాదాకు నేరుగా ఈయన దగ్గరికే వచ్చేవాళ్ళు. జడ్జీలకు కూడా నమ్మకం కుదిరింది. ఆయన లేచి "ఇది ఇట్లా జరిగింది" అంటే అట్లానే జరిగిందనుకునేవారు.

ఆ రోజుల్లో మా జిల్లాలో అట్లాంటి పేరు నిలబెట్టుకోవడం చిన్న సంగతి కాదు. ఏ ఊరు చూసినా రెండు వర్గాలు. ఒక వర్గం ఒక పార్టీ అంటే రెండో వర్గం రెండో పార్టీ. ప్లీడర్లలో కూడా వీళ్ళ ప్లీడరు, వాళ్ళ ప్లీడరు అని ఉండేవారు. ఒక పార్టీ గెలిచినప్పుడు పట్టాభిరామయ్యను సర్కారు ప్లీడరుగా ఉండమన్నారు. వద్దన్నాడు. ఆ పార్టీ పోయి రెండో పార్టీ వచ్చాక వాళ్ళూ అడిగారు. వాళ్ళకూ అదే జవాబు చెప్పాడు.

"రెండు పార్టీలకూ చెడ్డ అయినవాళ్ళు ఈ జిల్లాలో మీరొక్కరేనేమో" అంది భార్య కామేశ్వరమ్మ.

"రెండిటికీ అయినాను కాబట్టే ఇంకా తిరుగుతాండా" అన్నాడాయన.

తిరగడమంటే నిజంగానే తిరగడం. ఈరోజు ప్రొద్దుటూరు కోర్టు, రేపు జమ్మలమడుగు, ఎల్లుండి పులివెందుల. ఎర్రబస్సులో కిటికీ పక్కన ఆయన, ఆ పక్కన కాగితాల కట్టలతో గుమాస్తా రహీం. రహీం ఆయన కంటే వయసులో పెద్ద, మాటలో ఇంకా పెద్ద.

దేవరేటిపల్లె తగాదా ఆయన మెడకు పడింది అట్లాంటి రోజుల్లోనే. చిత్రావతి ఏటి ఒడ్డున ఉన్న గొర్రెల కాపరుల ఊరది. సేద్యం తర్వాత వచ్చింది, గొర్రెలు ముందు నుంచీ ఉన్నాయి. ఊరి మందలు ఏటికి నీళ్ళకు పోవాలంటే ఆదెన్న చేను మధ్యనుంచి ఒక దావ ఉండేది. దావంటే ఆ పక్క నడిచే బాట. ఆదెన్నకు పెళ్ళాం తమ్ముడు కొండయ్య. బావా బామ్మర్దులిద్దరూ ఒకే పొయ్యి మీద వండిన సంగటి తిని పెరిగినంత దగ్గరగా ఉండేవాళ్ళు. పంచాయతీ ఎలక్షన్లు వచ్చాయి. ఒక పార్టీ జెండా ఆదెన్న ఇంటిమీదికెక్కింది, ఇంకో పార్టీది కొండయ్య ఇంటిమీదికెక్కింది. ఎలక్షన్లు అయిపోయినా జెండాలు దిగలేదు. ఆదెన్న దావకు అడ్డంగా ముళ్ళకంప వేయించాడు. కొండయ్య జమ్మలమడుగు మున్సిఫ్ కోర్టులో దావా వేశాడు. దావ మీద దావా అని రహీం ఆ కేసుకు పేరు పెట్టాడు.

అంతటితో ఆగలేదు. రెండు వర్గాలూ పులివెందుల బస్టాండులో ఎదురుపడి కట్టెలతో కొట్టుకున్నారు. ఆదెన్నకు చెయ్యి విరిగింది, కొండయ్యకు తల పగిలింది. ఒకరి మీద ఒకరు పెట్టుకున్న ఆ కేసులు పులివెందుల కోర్టులో నడిచాయి. దాంతో దేవరేటిపల్లె మగవాళ్ళకు కాపరితనం పోయి వాయిదాలే వృత్తి అయ్యాయి. జమ్మలమడుగు కోర్టు వరండాలో తూర్పు కొస ఆదెన్న వర్గానిది, పడమటి కొస కొండయ్య వర్గానిది. ఎదురుగా ఉన్న టీ అంగళ్ళు కూడా అట్లానే పంచుకున్నారు. వీళ్ళు ఎక్కిన బస్సు వాళ్ళు ఎక్కేవారు కాదు. అట్లా అయిదేళ్ళు గడిచాయి.

ఆదెన్న కోర్టుకు చెప్పింది ఒకటే మాట. నా చేలో దావ అనేదే ఏనాడూ లేదు. కొండయ్య చెప్పిందీ ఒకటే. తాతల నాటి దావ మూసేశారు, మా జీవాలు నీళ్ళు లేక చస్తున్నాయి. మున్సిఫ్‌గారికి విసుగొచ్చింది. రెండు పక్కలా చేరని ప్లీడరు ఒకరు పోయి స్థలం చూసి రిపోర్టు ఇవ్వాలన్నారు. అట్లాంటివాడు ఎవరా అని వెతికే పని లేకపోయింది.

పట్టాభిరామయ్య ఇద్దరికీ తాఖీదులు పంపి, చెప్పిన రోజున రహీంతో బస్సు దిగి చేలగట్లమీద నడిచి వెళ్ళాడు. అదే రోజు పులివెందుల కోర్టులో వాయిదా ఉందనీ, ఇంకోనాడు రమ్మనీ ఇద్దరూ కబురు పెట్టారట. ఆ కబురు ఆయనకు అందలేదు. ఊర్లో అడుగుపెడితే మీసమున్న మనిషి ఒక్కడూ కనబడలేదు.

"పోదాం పాండి సార్, ఎవురూ లేరు" అన్నాడు రహీం.

"ఇంత దూరం వస్తిమి కదా, రవ్వంత దావ చూసి పోదాం" అన్నాడు పట్టాభిరామయ్య.

ఆదెన్న చేనుకు పోయి చూస్తే కంప ఉంది. మనిషెత్తున, బలంగా ఉంది. అయితే ఒక మూల మాత్రం ఆ కంపను తలుపులా పక్కకు జరిపి ఉంది. దాని వెనక నున్నగా అరిగిన బాట, బాట నిండా పచ్చి పెంటికలు. అవతల ఏట్లోకి చూసి ఇద్దరూ నిలబడిపోయారు. నీళ్ళంచున మంద ఉంది. ఎర్రరంగు గుర్తు ఆదెన్న గొర్రెలది, నీలిరంగు గుర్తు కొండయ్య గొర్రెలది. రెండూ కలిసిపోయి తాగుతున్నాయి. ఊరి ఆడవాళ్ళు అక్కడక్కడా కూర్చుని మాట్లాడుకుంటున్నారు. నడుమ ఒక బండమీద ఒక ముసలామె, తన ముందు కూర్చున్న నడివయసు మనిషికి జడ విప్పి తల దువ్వుతోంది.

చొక్కా ప్యాంటు వేసుకున్న మనుషులను చూసి ఆడవాళ్ళంతా లేచి నిలబడ్డారు. ముసలామె మాత్రం దువ్వెన ఆపలేదు.

"ఎవురప్పా మీరు? పోలీసులా?"

"కాదమ్మా. ప్లీడర్ని. ఈ దావ ఉందో లేదో చూసి రమ్మని కోర్టు పంపింది."

అప్పుడు ఆగింది దువ్వెన. ఆమె పేరు పెద్దక్క. కొండయ్య తల్లి. ఆమె ముందు కూర్చున్నది కూతురు నాగేశ్వరమ్మ, ఆదెన్న భార్య.

"చూస్తివి కదా" అంది పెద్దక్క. "ఇప్పుడేం జేస్తావు?"

"చూసింది రాస్తా."

నాగేశ్వరమ్మ గబగబా జుట్టు ముడేసుకుంటూ లేచింది. "వద్దు సామీ! నీకు దండం పెడతా. మా తమ్మునింటికి మా ఆయప్ప నన్ను పోనియ్యడు. మా ఇంటికి మా తమ్ముడు అమ్మను రానియ్యడు. మొగోళ్ళు వాయిదాకు పోయిన నాడే నాకు అమ్మ కండ్లబడేది. తక్కిన దినాలు గొర్లకు బాయిలో తోడి పోసే నీళ్ళే. ఆ నాడే వాటికి ఏటి నీళ్ళు, మాకు మాటలు. వాయిదా పడిందని వాళ్ళు తిట్టుకుంటా వస్తాంటే మేం లోపల నవ్వుకుంటాం. నువ్వు రాస్తే ఇదీ పోతాది."

ఇరవయ్యేళ్ళ ప్లీడరీలో వాయిదా పడితే సంతోషించినవాళ్ళను ముద్దాయిల్లో తప్ప పట్టాభిరామయ్య చూడలేదు. ఆమె కళ్ళలోకి చూడలేక ఏట్లో గొర్రెల వైపు చూశాడు. రాయకుండా ఉంటే ఏమవుతుంది? మగవాళ్ళు ఉన్నప్పుడు మళ్ళీ వచ్చి, కంప మూసి ఉండగా చూసి, "కంప ఉంది" అని రాస్తే అది అబద్ధం కాదు. కానీ నిజమూ కాదు. ఆ సంగతి తనకు తెలుసు.

"అమ్మా, చూసినాక చూడలేదని రాయడం నాకు చేతకాదు" అన్నాడు మెల్లగా.

పెద్దక్క దువ్వెన కొంగున ముడేసుకుంది. "చేతకాకుంటే రాయి. కానీ నువ్వు చెప్పేలోపు మేమే చెప్తే?"

"ఎవరితో? మీ మగవాళ్ళతోనా?"

"ఈడ చెప్తే వీపులు పగుల్తాయి. కోర్టులో చెప్తాం. ఆడ జడ్జి ఉంటాడు, పోలీసు ఉంటాడు. నువ్వుంటావా?"

"నేనుంటా. అది మాటిస్తా. ఇంటికి పోయినాక ఏమవుతుందో మాత్రం నేను మాటియ్యలేనమ్మా."

"ఆ మాత్రం మాకూ తెలుసులే" అంది పెద్దక్క. "మేం ఏ వాయిదాకు రావల్లో అది చెప్పిపో."

ఆ రాత్రి ఇంట్లో ఆయన అన్నం కలుపుతూ ఉండిపోతే కామేశ్వరమ్మ ఏమైందని అడిగింది. చెప్పాడు. ఆమె విని, "అయిదేళ్ళా? చాటుగా తల దువ్వుకోవడానికి?" అని మాత్రం అంది. మజ్జిగ పోస్తూ, "మీరు రాసేది మీరు రాయండి. ముందు వాళ్ళను మాట్లాడనీండి, అంతే" అంది.

జమ్మలమడుగు వాయిదా రోజు వచ్చింది. ఆదెన్న వర్గం తూర్పు కొసన, కొండయ్య వర్గం పడమటి కొసన ఎప్పటిలా చేరారు. పట్టాభిరామయ్య మెట్ల దగ్గర నిలబడి రోడ్డు వైపే చూస్తున్నాడు. ముద్దనూరు బస్సు వచ్చి ఆగింది. అందులోంచి దేవరేటిపల్లె ఆడవాళ్ళు దిగారు. ఆ వర్గం, ఈ వర్గం అని లేకుండా, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, ఏదో మాటకు పగలబడి నవ్వుతూ దిగారు.

వరండాలో బీడీలు ఆరిపోయాయి. తూర్పు కొస పడమటి కొసను చూసింది, పడమటి కొస తూర్పు కొసను చూసింది. ఇది అవతలివాళ్ళ కుట్రేమోనని ఇద్దరికీ అనుమానం.

కేసు పిలిచారు. పట్టాభిరామయ్య లేచి, స్థలం దగ్గర తనకు కనబడ్డ మనుషులు వచ్చి ఉన్నారని, రిపోర్టు చదివే ముందు వాళ్ళ మాట వింటే మంచిదని మనవి చేశాడు. మున్సిఫ్‌గారు కళ్ళద్దాలు సర్దుకుని సరేనన్నారు. నాగేశ్వరమ్మ కొంగు నడుముకు దోపుకుని బోనులోకి వచ్చింది.

"ఆ చేలో దావ ఉందా అమ్మా?" అని మున్సిఫ్‌గారు అడిగారు.

"ఉంది సామీ. దినాం కాదు గానీ వాయిదా నాడంతా నడుస్తాంటాం."

"కంప ఉంది కదా, ఎవరు తీస్తారు?"

"నేనే."

ఆదెన్న ఉన్నచోటి నుంచే అరిచాడు. "ఏందీ! నా చేని కంప నువ్వే తీస్తాంటివా?"

నాగేశ్వరమ్మ మొగుడి వైపు తిరిగింది. "వేయించింది మాత్రం ఎవురు? ఆ పొద్దు నీకు జొరమొచ్చి పండుకుంటివి. కూలోళ్ళను పెట్టి నేనే వేయిస్తిని. తీసేదానికి తావు ఇడిసిపెట్టే వేయిస్తిని."

మొదట నవ్వింది కొండయ్య. తొడ చరిచి మరీ నవ్వాడు. మున్సిఫ్‌గారు అతని వైపు చూశారు.

"నీ జీవాలు నీళ్ళు లేక చస్తున్నాయన్నావే. ఎన్ని చచ్చాయి?"

కొండయ్య నోరు తెరిచేలోపు వెనకనుంచి పెద్దక్క అందుకుంది. "ఒగటీ సావలేదు సామీ. ఏటి నీళ్ళు తాగి దిట్టంగా ఉండాయి."

ఈసారి కోర్టంతా నవ్వింది. బంట్రోతు కూడా అరవడం మానేసి నోరు మూసుకుని నవ్వుకున్నాడు. నవ్వంతా అణిగాక ఆదెన్న ఒక్కడే నిలబడి ఉన్నాడు. ఇప్పుడు ఏమవుతుందోనని పట్టాభిరామయ్య లేచి బోను పక్కకు వెళ్ళి నిలబడ్డాడు. ఆదెన్న చూపు భార్య మీద లేదు, అత్త మీద ఉంది.

"అత్తా, అయిదేండ్లు నా చేలోనే నడుస్తాంటివా?"

"నడిస్తి నాయనా. నీ పైరు ఒక్క మొక్క తొక్కనియ్యలా."

ఆదెన్న ఆలోచించాడు. "నిజమే. ఆ పక్క పైరు ఎప్పుడూ చెడలా" అన్నాడు, కోపంగానో సంతోషంగానో తెలియకుండా. తర్వాత పట్టాభిరామయ్య వైపు తిరిగాడు. "శెట్టిప్లీడరూ, నువ్వేమంటావు?"

"నేననేదేమీ లేదప్పా. చూసింది చెప్తా. కంపా ఉంది, దావా ఉంది. నీ చేను బాగుంది, వాళ్ళ జీవాలూ బాగున్నాయి. మీ ఇద్దరి ఇండ్లే బాగలేవు."

మున్సిఫ్‌గారు రాజీ మాట్లాడుకోమని మధ్యాహ్నం దాకా టైము ఇచ్చారు. ఆ మధ్యాహ్నం తూర్పు టీ అంగడికి పోవాలో పడమటి టీ అంగడికి పోవాలో తెలియక ఊరంతా కోర్టు ఆవరణలోనే నిలబడింది. ఆడవాళ్ళు తెచ్చుకున్న సద్దిమూటలు విప్పారు. కూతురి మూటలోది తల్లి తింది, తల్లి మూటలోది అల్లుడి ముందు పెట్టింది. అతను తినలేదు, వద్దనీ అనలేదు. చివరికి ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. భోజనాలయ్యాక రాజీ కాగితం మీద రెండు వేలిముద్రలు పడ్డాయి. ఆదెన్న దావకు అడ్డం తీసేస్తాడు. పైరు మీదికి జీవాలు పోకుండా కొండయ్య చూసుకుంటాడు.

ఇక మిగిలింది పులివెందులలో కొట్లాట కేసులు. అవీ రాజీ చేసుకుంటే చాలు, అంతా అయిపోయినట్టే. కానీ దేవరేటిపల్లె కలిసిపోయిందన్న వార్త రెండు పార్టీల పెద్దలకూ చేరింది. ఊర్లో రెండు వర్గాలుంటేనే ఏ వర్గం ఓట్లు ఎవరివో లెక్క తెలుస్తుంది. కలిసిపోయిన ఊరిని ఎవరు నమ్ముతారు? పులివెందుల వాయిదాకు ముందు రోజు పట్టాభిరామయ్య ఇంటికి ఒక పార్టీ మనిషి పొద్దున వచ్చాడు, ఇంకో పార్టీ మనిషి సాయంత్రం వచ్చాడు. ఇద్దరి మాటా ఒకటే. రెండు పార్టీలు ఒక సంగతిలో ఏకం కావడం ఆయన అప్పుడే చూశాడు.

సాయంత్రం వచ్చినవాడు కుర్చీలో వెనక్కి వాలి, "శెట్టీ, మీ నాయన అంగట్లో కూర్చోనుంటే ఎంత బాగుండు! ఊర్లు కలిపే పని నీకెందుకప్పా? రేపు నీకు ఒంట్లో బాగలేదనుకో, గమ్మునుండు" అన్నాడు.

పట్టాభిరామయ్య చేతిలోని కాఫీ గ్లాసు బల్లమీద పెట్టాడు.

"ఒంట్లో బాగానే ఉందప్పా" అన్నాడు.

"భయం లేదా నీకు?"

"ఎందుకు లేదు? శానా ఉంది. కానీ ఉంటానని ఆడోళ్ళకు మాటిచ్చినా."

భయం లేదన్నవాణ్ణి ఎట్లా బెదిరించాలో ఆ మనిషికి తెలుసు. ఉందన్నవాణ్ణి ఇంకా ఏమని బెదిరిస్తాడు? కామేశ్వరమ్మ ఇచ్చిన కాఫీ తాగి లేచిపోయాడు.

మర్నాడు పొద్దున రహీం మామూలుకంటే ముందే వచ్చాడు. "బేగంకు చెప్పొచ్చినా సార్, ఇయ్యాల నేను రాకుంటే సేమ్యా పాయసం నువ్వే తాగెయ్యమని" అన్నాడు. ఇద్దరూ నవ్వబోయారు గానీ నవ్వు సరిగా రాలేదు.

పులివెందుల కోర్టు ముందు రెండు జీపులు ఆగి ఉన్నాయి. ఒక్కో పార్టీది ఒకటి. పట్టాభిరామయ్య బస్సు దిగి వాటి నడుమనుంచే నడిచాడు. గేటు దగ్గర ఆదెన్న చుట్టూ నలుగురు చేరి చెవిలో ఊదుతున్నారు. అవతల కొండయ్య దగ్గరా అదే. ఆడవాళ్ళు మెట్ల మీద కూర్చుని ఉన్నారు. ప్లీడరు రావడం చూసి పెద్దక్క లేచింది.

"వస్తాడంటి కదా" అంది కూతురితో.

ఆదెన్న తన చుట్టూ ఉన్నవాళ్ళను చేత్తో పక్కకు జరిపాడు. "అన్నా, జెండా మీదే, ఓటూ మీదే. నేనెప్పుడన్నా కాదంటినా? దావ మాత్రం మాది. మా ఇండ్లకు పోయే దావ" అన్నాడు. గట్టిగానే అన్నాడు. అవతల కొండయ్యకూ వినబడింది. కొండయ్యకు అంత మాట చెప్పడం చేతకాక, తన చుట్టూ ఉన్నవాళ్ళకు దండం పెట్టి, బావ వెనకాలే లోపలికి నడిచాడు.

లోపల పని తొందరగానే అయిపోయింది. మేజిస్ట్రేట్ ఇద్దరినీ ఒకటికి రెండుసార్లు, ఎవరి బలవంతమూ లేదు కదా అని అడిగారు. లేదన్నారు. కేసులు కొట్టేశారు. బయటికి వచ్చేసరికి జీపులు లేవు.

సాయంత్రం ముద్దనూరు మీదుగా పోయే బస్సు కిక్కిరిసి ఉంది. ఆడవాళ్ళు ముందు సీట్లన్నీ ఆక్రమించుకున్నారు. వెనక మిగిలిన ఒకే ఒక్క పొడుగు సీట్లో కొండయ్య ఒక కిటికీ దగ్గర, ఆదెన్న ఇంకో కిటికీ దగ్గర కూర్చున్నారు. నడుమ పట్టాభిరామయ్య, రహీం ఇరుక్కున్నారు. అయిదేళ్ళ తర్వాత ఒకే బస్సెక్కిన బావా బామ్మర్దులు ఎటు వాళ్ళు అటు బయటికి చూస్తూ కూర్చున్నారు. పట్టాభిరామయ్య వాళ్ళను కదిలించలేదు. ఎక్కడ కదిలిస్తే ఎక్కడ తెగుతుందోనని చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

బస్సు ఒక గుంతలో పడి లేచింది. ఆ కుదుపుకు కొండయ్య గొంతు సవరించుకున్నాడు.

"బావా" అన్నాడు కిటికీలోంచి చూపు తిప్పకుండానే. "నీ మందలో ఆ కొమ్ములు తిరిగిన పొట్టేలు రవ్వ కుంటుతాంది. గిట్ట చూసినావా?"

ఆదెన్న వెంటనే ప్లీడరు మీదుగా ముందుకు వంగాడు. "నేనూ అదే అనుకుంటాండా. ముల్లు దిగిందంటావా?"

"ముల్లు కాదు, చీము పట్టినట్టుంది. రేపు పొద్దున్నే నేనొచ్చి చూస్తా."

"రా. మీ అమ్మనూ తోడుకోని రా."

రహీం లేచి, ప్లీడరును చెయ్యి పట్టి లేపాడు. "సార్, మనం ముందుకు పోయి నిలబడుకుందాం పాండి. ఈడ గొర్ల గిట్టల మాటలు శానా ఉన్నట్టుండాయి."

ఇద్దరూ లేచి, ఆ సీటు వాళ్ళిద్దరికే వదిలేసి, ముద్దనూరు దాకా కమ్మీ పట్టుకుని నిలబడ్డారు.